కొలత కుదిరితే.. అట్టముక్కల్లో ఊరు నిలుస్తుంది!

బొమ్మ కార్లకు చిన్న ఊరు – ఖర్చు స్వల్పం, ఓపిక అధికం

సంక్రాంతి దగ్గర పడుతోందంటే బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో అటక మీది పెట్టెలు కిందికి దిగుతాయి. మెట్ల మీద దేవుళ్ళ బొమ్మలు, కొండపల్లి అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, దంపుడు పడతులు కొలువుదీరతారు. వాటిని పెద్దలు సర్దుతారు. మెట్ల కింది నేల మాత్రం పిల్లలది. అక్కడ ఇసుక పోసి, నాలుగైదు రోజుల ముందే ఆవాలో మెంతులో రాగులో చల్లి పచ్చని చేను మొలిపిస్తారు. అద్దం ముక్క పెట్టి చెరువంటారు. ఆ చెరువు గట్టు మీద తమ దగ్గరున్న బొమ్మ కార్లు, బస్సులు, లారీలు బారులు తీరుస్తారు.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. కారు ముందు ఇల్లు పిచ్చుకగూడులా ఉంటుంది. లారీ పక్కన ఆవు ఏనుగంత కనిపిస్తుంది. ఎన్ని బొమ్మలు పెట్టినా అది ఊరులా ఉండదు. అంగడి సరుకులా ఉంటుంది. పిల్లలు చిన్నబుచ్చుకుంటే, పట్నం వెళ్ళినప్పుడు తయారుగా ఉన్న చెట్లు, గడ్డి, ఇళ్ళ సామాను కొనిపెట్టే తల్లిదండ్రులు ఉన్నారు. వాటి ధర కారు బొమ్మ ధరను మించిపోతుంది. కొన్నాళ్ళకు అవీ అటక ఎక్కుతాయి.

నిజానికి ఇందులో డబ్బుతో కొనవలసింది బహు తక్కువ. ఊరు ఊరులా కనిపించడానికి ముఖ్యంగా కావలసింది ఒక్కటే. అది కొలత. దానికి పైసా ఖర్చు లేదు.

కారు ఎత్తే కొలబద్ద

బొమ్మ కార్ల తయారీదారులు అసలు కారును ఇన్నో వంతుకు తగ్గిస్తారు. చేతిలో ఇమిడే చిన్న లోహపు కార్లు ఎక్కువగా 64వ వంతుకు దగ్గరగా ఉంటాయి. కొంచెం పెద్దవి 43వ వంతు, ఇంకా పెద్దవి 24వ వంతు ఉంటాయి. 64వ వంతులో ఒక సౌకర్యం ఉంది. 64 అంగుళాలంటే 5 అడుగుల 4 అంగుళాలు, అంటే మామూలు మనిషి ఎత్తు. అక్కడ మనిషి సరిగ్గా అంగుళం ఉంటాడన్న మాట.

అయితే బొమ్మ మీద వంతు రాసి ఉండకపోవచ్చు. రాసి ఉన్నా నమ్మరాదు. ఒకే కొలత పెట్టెలో పట్టేలా చేస్తారు కనుక, కారూ బస్సూ ఒకే పొడవున్న బొమ్మలు బజారులో కొల్లలు. ఇందుకు తేలిక ఉపాయం ఉంది. అంబాసిడర్ కారు ఎత్తు దాదాపు 5 అడుగుల 3 అంగుళాలు. మామూలు కార్లన్నీ కాస్త అటూ ఇటూగా అంతే ఉంటాయి. అంటే కారు పక్కన నిలబడ్డ మనిషి తల, కారు కప్పు ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి. కాబట్టి బొమ్మ కారు ఎంత ఎత్తుంటే ఆ చిన్న ఊళ్ళో మనిషి అంత ఎత్తు. దాన్ని ఒక ‘నిలువు’ అనుకోవాలి. నూతి లోతును రెండు నిలువులు, మూడు నిలువులు అని మన పెద్దలు చెప్పే కొలతే ఇది.

ఒక చీపురుపుల్ల తీసుకుని, కారు ఎత్తు ఎంతో అంతంత దూరంలో గీతలు పెడితే కొలబద్ద తయారు. ఇక అన్నీ దానితోనే కొలవాలి. ఇంటి గుమ్మం ఒకటింబావు నిలువు. పెంకుటింటి వెన్నుగోడ మూడు నిలువులు. కరెంటు స్తంభం నేలపైన నాలుగు నిలువులు. ఎదిగిన కొబ్బరిచెట్టు తొమ్మిది నిలువులు. ఒక బండి మాత్రమే పట్టే తారురోడ్డు రెండు నిలువుల పావు, రెండు బళ్ళు ఎదురుపడి పోగలిగే రోడ్డు నాలుగుంబావు. ఆర్టీసీ బస్సు ఎత్తు రెండు నిలువులకు కాస్త తక్కువ, పొడవు ఏడు నిలువులకు కాస్త తక్కువ. గేదె ముప్పావు నిలువుకు కొంచెం పైన. ఈ లెక్క తప్పకపోతే చాలు, రంగు వెలిసినా గోడ వంకరపోయినా చూసేవారి కంటికి ఊరే కనిపిస్తుంది.

అగ్గిపెట్టెలో పుట్టిన కారు

ఈ చిన్న కార్ల పుట్టుక కూడా పొదుపులోంచే వచ్చింది. 1947లో లండన్‌లో లెస్లీ స్మిత్, రాడ్నీ స్మిత్ అనే ఇద్దరు మిత్రులు తమ పేర్లు కలిపి ‘లెస్నీ’ అనే చిన్న పోతపని కంపెనీ పెట్టారు. జాక్ ఒడెల్ అనే పనిమంతుడు వారితో చేరాడు. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలను మాత్రమే బడికి తెచ్చుకోనిచ్చేవారట. అందుకని ఒడెల్ తన కూతురి కోసం అగ్గిపెట్టెలో ఇమిడే రోడ్డు రోలరు చేసి ఇచ్చాడని చెబుతారు. 1953లో ‘మ్యాచ్‌బాక్స్’ పేరుతో అటువంటి బొమ్మలు బజారుకు వచ్చి లోకమంతా తిరిగాయి. 1968లో అమెరికాకు చెందిన మాటెల్ కంపెనీ ‘హాట్‌వీల్స్’ కార్లతో పోటీకి దిగింది. లెస్నీ 1982లో దివాలా తీసింది. చేతులు మారి చివరకు ఆ మ్యాచ్‌బాక్స్ పేరు కూడా మాటెల్ వద్దకే చేరింది.

మన పల్లెల్లో పిల్లల వద్ద ఉండేవి ఎక్కువగా తిరునాళ్ళలో కొన్న ప్లాస్టిక్ బొమ్మలే. అవీ పనికొస్తాయి. చక్రం ఊడిన కారును మెకానిక్ షెడ్డు ముందు రాయి ఎత్తు పెట్టి నిలబెడితే, అదే ఆ షెడ్డుకు అందం.

నేల కట్టే విధం

పీటకు ఖాళీ అట్టపెట్టె చాలు. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పున రెండు ముక్కలు కోసి, ఒకదాని ముడతలు నిలువుగా, రెండోదాని ముడతలు అడ్డంగా వచ్చేలా అంటిస్తే వంగదు. పైన కాగితం అంటిస్తే కిందా అంటించాలి. లేకుంటే జిగురు ఆరేటప్పుడు అట్ట ఒక పక్కకు లేస్తుంది. ఆరేవరకు పైన బరువు పెట్టి ఉంచాలి. 64వ వంతులో ఈ పీట మీద 96 అడుగుల పొడవు, 64 అడుగుల వెడల్పు జాగా పడుతుంది. ఊరంతా పట్టదు గానీ ఒక కూడలి పడుతుంది. మొదటిసారి చేసేవారు అంతకు మించి ఆశపడకుండా ఉండడం మేలు.

జిగురుకు మైదాపిండి ఉడికించుకుంటే సరిపోతుంది. గోడ పోస్టర్లు అంటించేవారు అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు, పురుగు పట్టకుండా. మైలుతుత్తం విషం కనుక ఆ పని పెద్దలే చేయాలి. ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడరాదు. అంత శ్రమ వద్దనుకుంటే బజారులో దొరికే తెల్ల జిగురు చిన్న డబ్బా కొనుక్కోవచ్చు.

నేలకు రంగు వేయనక్కరలేదు. ఊరి మట్టినే వాడాలి. ఎర్రమట్టి అయినా, నల్లరేగడి అయినా ఎండబెట్టి, దంచి, పలుచని గుడ్డలో జల్లించాలి. పాత పెనం మీద కాసేపు వేయిస్తే అందులోని పురుగు, గుడ్డు నశిస్తాయి. పీట మీద జిగురు రాసి ఆ మట్టి చల్లాలి. ఆపైన ఒక వంతు జిగురుకు రెండు వంతుల నీళ్ళు, ఒక చుక్క షాంపూ కలిపి మందు చుక్కలు వేసే గొట్టంతో మెల్లగా వదలాలి. షాంపూ చుక్క లేకపోతే జిగురు నీరు మట్టిలోకి ఇంకక గుండ్లు కడుతుంది. ఆరాక పీటను తిరగేసినా మట్టి రాలదు. నల్లరేగడి కాస్త మందంగా పూస్తే ఆరుతూ బీటలు వారుతుంది. అచ్చం ఎండిన చెరువే!

తారురోడ్డుకు నల్లని గరుకు కాగితం ఒక్కటి కొంటే చాలు. దుకాణంలో ఉప్పుకాగితం అన్నా ఇస్తారు. సన్నరకం అడగాలి. దాన్ని కొలత ప్రకారం కోసి అంటించి, అంచులు తిన్నగా ఉంచకుండా అక్కడక్కడ చింపాలి. ఆ అంచుల మీదికి మట్టి జరపాలి. మన ఊళ్ళలో రోడ్డు అంచు తిన్నగా ఎక్కడుంది? నడుమ ఒకచోట చించి మట్టి నింపితే గుంత కూడా సిద్ధం.

ఇళ్ళు, కొట్లు

మూడు ఖాళీ అగ్గిపెట్టెలు ఒకదాని వెనుక ఒకటి అంటించి నిలబెడితే 64వ వంతు కార్లకు సరిపోయే బడ్డీకొట్టు అవుతుంది. ముందు పెట్టెలోని అర తీసి, లోపల రంగు కాగితాల ముక్కలు అంటిస్తే సోడాలు, బిస్కెట్లు, వేలాడే షాంపూ పొట్లాలు అన్నీ అమరుతాయి. సరుకు బస్తాలు కావాలంటే పాత గోనె ముక్కలో కాస్త ఇసుక వేసి దారంతో మూతి కట్టాలి.

గోడలకు సబ్బుపెట్టెల అట్ట, పెళ్ళి శుభలేఖల అట్ట వాడవచ్చు. గోడలకు వేసే రంగు విషయంలో పల్లెవాసులకు పట్నంవారికి లేని సదుపాయం ఉంది. నిజం ఇంటికి పూసేదే బొమ్మ ఇంటికీ పూయవచ్చు. వెల్లకు సున్నం, అడుగు పట్టీకి జాజు, పొగ చూరిన వంటింటి గోడకు బొగ్గుపొడి, లేత నీలం గోడకు బట్టల నీలిమందు సరిపోతాయి. సున్నంలో కాస్త జిగురు కలిపితే చేతికి అంటదు. పసుపుతో రంగు వేస్తే మాత్రం ఎండకు వెలిసిపోతుంది. సున్నం తగిలితే ఎర్రబడుతుంది.

రేకుల కప్పుకు కరెంటు బల్బు చుట్టూ వచ్చే సన్న ముడతల అట్ట సరిగ్గా కుదురుతుంది. పెద్ద పెట్టెల ముడతలు లావు కనుక ఈ కొలతకు పనికిరావు. పూరింటికి కొబ్బరిపీచు గానీ, గోనెనార గానీ దువ్వి, చూరు దగ్గర మొదలుపెట్టి పైకి వరసలు అంటించాలి. నిజం ఇల్లు కప్పే పద్ధతీ అదే. పై నుంచి మొదలుపెడితే వరస కుదరదు.

కీళ్ళ సందులు పూడ్చడానికి కొండపల్లి కళాకారుల పద్ధతిని అనుసరించవచ్చు. నేడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న కొండపల్లిలో తేలికైన తెల్లపొణికి కర్రతో బొమ్మ భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ‘మక్కు’తో వాటిని అతుకుతారు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పొడి కొట్టి, ఉడికించి, జల్లించిన రంపపు పొట్టు కలిపితే ఇంట్లోనే మక్కు తయారవుతుంది. చెట్టు మొదలుకు, చెరువు గట్టుకు, నూతి వరలకు ఇదే వాడవచ్చు.

చెట్టూ చేమా

ఊరి బొమ్మకు ప్రాణం పోసేవి చెట్లు. పత్తి కట్టె పీకితే వచ్చే వేరును తలకిందులు చేసి నిలబెడితే ఆకు రాల్చిన రావిచెట్టు. కందికట్టె కొమ్మలు వేపచెట్లకు పనికొస్తాయి. వాడిన టీ పొడిని ఎండబెట్టి ఆకుపచ్చ రంగు కలిపి కొమ్మల చివర జిగురు రాసి అద్దితే ఆకు నిండుతుంది. అదే టీ పొడి రంగు లేకుండా చల్లితే చెట్టు కింద రాలిన ఎండుటాకు. రంగు పట్టించిన రంపపు పొట్టు పచ్చిక. రంగంతా ఒకే పచ్చ కాకుండా రెండు మూడు పచ్చలు, కొంత గోధుమవన్నె కలపాలి. నిజం గడ్డి ఒకే రంగులో ఎక్కడా ఉండదు.

కొబ్బరి మట్టలకు కాగితాన్ని పొడవుగా ఆకులా కోసి, రెండంచులా కత్తెరతో సన్నగా చీల్చి, నడుమ కొంచెం మడిస్తే వాటంతటవే వంగుతాయి. కరెంటు స్తంభాలకు చీపురుపుల్లలు, తీగలకు నల్లదారం. తీగ బిగించి కట్టకుండా నడుమ కొంచెం జారనివ్వాలి.

ఇక కారు. కొత్త ప్లాస్టిక్ మెరుపు చూడగానే బొమ్మ అని తెలిసిపోతుంది. జల్లించిన మట్టిని నీళ్ళలో కలిపి, కుంచెతో చక్రాల చుట్టూ, తలుపుల కింద పూసి, ఆరాక గుడ్డతో తుడిస్తే సందుల్లో దుమ్ము మిగిలి, పొలాల దారిన వచ్చిన బండి అనిపిస్తుంది. జిగురు కలపలేదు కనుక కావాలంటే కడిగేయవచ్చు.

జాగ్రత్తలు అవసరం

ఫ్రిజ్‌లు, టీవీల పెట్టెల్లో వచ్చే థర్మోకోల్ ఊరికే దొరుకుతుంది కనుక దాని మీదికి చూపు పోతుంది. దాని మీద రబ్బరు జిగురు గానీ, థిన్నరు కలిసే రంగు గానీ, డబ్బాతో చిమ్మే రంగు గానీ పడితే కరిగి గుంతలు పడుతుంది. నిప్పు తగిలితే భగ్గుమని నల్లని పొగ కక్కుతుంది. కోసినప్పుడు రాలే గుండ్లు గాలికెగిరి మేతలో పడితే పశువులకు ముప్పు. అవి మట్టిలో కలిసిపోవు కూడా. గుట్టకు థర్మోకోల్ బదులు పాత పేపర్లు నలిపి, పైన మైదా జిగురుతో కాగితం పొరలు అంటిస్తే సరిపోతుంది.

కొలువు ముందు దీపం, హారతి ఉంటాయి. అట్ట, పీచు, కాగితంతో కట్టిన ఊరిని వాటికి దూరంగా, పిల్లల పరికిణీలు తగలని చోట పెట్టాలి. రాత్రివేళ వెలుగు కావాలంటే పాడైన టార్చిలోని చిన్న ఎల్‌ఈడీ దీపాన్ని బ్యాటరీతో ఇంటి లోపల అమర్చుకోవాలి. కొవ్వొత్తి ఎంతమాత్రం వద్దు. చెరువు అద్దం అంచులు మట్టిలో పూడేలా చూడాలి. అద్దం, బ్లేడు పని పెద్దల చేతుల మీదుగానే జరగాలి.

బల్ల మీద పట్నం

చౌక వస్తువులతో కట్టింది నిజంలా కనిపిస్తుందా అనుకునేవారికి అమెరికాకు చెందిన మైకేల్ పాల్ స్మిత్ పనితనమే సమాధానం. 2018లో మరణించిన ఈయన తాను పెరిగిన చిన్న పట్నం జ్ఞాపకాలతో ‘ఎల్జిన్ పార్క్’ అనే ఊహా పట్నాన్ని కట్టాడు. 24వ వంతు కార్లు, అదే కొలతకు అట్టలు, ప్లాస్టిక్ రేకులతో చేసిన ఇళ్ళు, కొట్లు ఆయన సరంజామా. వాటిని ఆరుబయట మడత బల్ల మీద అమర్చి, వెనుక దూరంగా ఉన్న నిజం చెట్లు, ఇళ్ళు బొమ్మ ఊరికి కలిసిపోయేలా బల్లను జరిపి, మామూలు చిన్న కెమెరాతో ఫొటో తీసేవాడు. కంప్యూటరు మాయ లేదు. దూరాన ఉన్న పెద్ద చెట్టు, దగ్గరున్న చిన్న ఇల్లు కెమెరా కంటికి ఒకే కొలతలో పడతాయి. ఆ ఫొటోలు చూసినవారు నిజం పట్నమే అనుకునేవారు.

ఈ ఉపాయం మన పల్లెల్లో ఇంకా తేలిక. పొలం గట్టున స్టూలు వేసి, దాని మీద పీట పెడితే వెనుక నిజం తాళ్ళు, నిజం ఆకాశం ఉండనే ఉన్నాయి. పొద్దున గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో, సెల్‌ఫోన్‌ను బొమ్మ మనిషి కంటి ఎత్తుకు దించి తీయాలి. పై నుంచి తీస్తే బొమ్మలే కనిపిస్తాయి, కింది నుంచి తీస్తే ఊరు కనిపిస్తుంది.

ఏ ఊరు కట్టాలి?

కొలత తెలిసి, సామాను సమకూరిన తర్వాత మిగిలే ప్రశ్న ఇదే. పుస్తకంలోని పట్నం కంటే, ఏ విదేశీ పెట్రోలు బంకు కంటే ముందు కట్టవలసింది తమ ఊరినే. అదీ ఇప్పటి ఊరిని కాదు, పోయిన ఊరిని.

రోడ్ల వెడల్పుకు అరుగులు పోయాయి. కొళాయిలు వచ్చాక చేదబావులు పూడాయి. పెంకుటిళ్ళ చోట డాబాలు లేచాయి. పెళ్ళికొడుకును ఊరేగించిన అంబాసిడర్ కారు 1950ల చివర నుంచి దేశమంతా తిరిగి, 2014లో తయారీ ఆగిపోయింది. ఇవేవీ తప్పని కాదు. అరుగు పోయినచోటే బస్సు వచ్చింది. కానీ పోయినవాటి ఫొటోలు చాలా ఇళ్ళలో లేవు. ఆ రోజుల్లో ఫొటో అంటే పెళ్ళికి తీయించుకునేది. చెరువుగట్టుకు, రచ్చబండకు, బస్సు ఆగే చింతచెట్టుకు ఎవరు తీయించారు? ఆ కూడలి రూపం ఇప్పుడు ఇంట్లోని తాతల, నాయనమ్మల కళ్ళలో మాత్రమే ఉంది. వారితోనే అదీ పోతుంది.

వారిని అడిగితే కొలతలు కూడా చెబుతారు. ‘చింతచెట్టు నుంచి బావికి పది బారలు’ అంటారు. బార అంటే రెండు చేతులు చాచినంత. మనిషి చాచిన చేతుల పొడవు దాదాపు అతని ఎత్తే కనుక, తాతగారి బార బొమ్మ ఊరిలో ఒక నిలువు. అంగల్లో చెబితే రెండంగలు ఒక నిలువు. మూరల్లో చెబితే మూడున్నర మూరలు ఒక నిలువు. లెక్కల మాస్టారు నల్లబల్ల మీద ఎంత చెప్పినా బుర్రకెక్కని నిష్పత్తి, తాతగారి బావిని పుల్లతో కొలిచిన పిల్లవాడికి ఆ పూటే వంటబడుతుంది.

ఇద్దరు పెద్దలను అడిగితే ఇద్దరూ ఒకేలా చెప్పరు. బావి చెట్టుకు తూర్పున అని ఒకరు, దక్షిణాన అని మరొకరు వాదులాడుకుంటారు. వాదన మంచిదే. పీట ముందు కూర్చోబెట్టి అగ్గిపెట్టె వారి చేతికిస్తే, ఇటు జరిపి అటు జరిపి తామే తేల్చుకుంటారు. నేలకు జిగురు పెట్టడానికి ముందే ఈ పని ముగియాలి.

బడిలో ప్రదర్శనలు జరిగేటప్పుడు కూడా తయారు బొమ్మల కోసం పట్నం పరుగెత్తకుండా, నలుగురు పిల్లలు కలిసి తలా ఒక ఇల్లు కట్టి తెస్తే వీధి వీధంతా తయారవుతుంది. అందరి దగ్గరా ఒకే గీతల పుల్ల ఉంటే చాలు, ఇళ్ళన్నీ ఒకదానికొకటి కుదురుతాయి.

మొత్తం మీద కొనవలసినవి ఒక గరుకు కాగితం, చిన్న జిగురు డబ్బా, నల్లదారం ఉండ, ఒకటి రెండు రంగులు. తక్కినవన్నీ పెరట్లో, పొలంలో, చెత్తబుట్టలో ఉన్నాయి. పని పూర్తయ్యాక మరచిపోకూడనిది ఒకటుంది. పీట అడుగున ఊరి పేరు, ఆ కూడలి ఏ కాలం నాటిదో ఆ సంవత్సరం, వివరం చెప్పిన పెద్దల పేర్లు చెరగని సిరాతో రాసి పెట్టాలి. కార్లు చేతులు మారతాయి, పొట్టు రాలిపోతుంది. పీట కిందనున్న ఆ నాలుగు పంక్తులు మాత్రం, రేపు దాన్ని అటక మీది నుంచి దించే పిల్లలకు ఇది ఎవరి ఊరో చెబుతాయి.